గిలక తాడు

1986 నాటి మాట. మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో, ప్రాణహిత ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం నా చేతిలో ఉండేది. విభాగం అనగానే ఏదో ఊహించుకోకండి. ఒక గది, రెండు బల్లలు, మైనం కరిగించే గిన్నె, దూలానికి వేలాడే ఒక షోల్డర్ పుల్లీ, అంతే. పుల్లీ అంటే బావి గిలక లాంటిదే. తాడు రెండు కొసలకూ పిడులుంటాయి. బాగున్న చేత్తో ఒక పిడి కిందికి లాగితే, బాగులేని చెయ్యి రెండో పిడితో పాటు పైకి లేస్తుంది. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చంద్రపూర్‌లో చదువుకుని వచ్చిన నాకు ఆ గదే రాజ్యం. నాకు నోరు కూడా కాస్త ఎక్కువే. చెప్పిన వ్యాయామం చెయ్యకుండా వస్తే ఎంతటివాళ్లనైనా దులిపేసేదాన్ని.

ఎండాకాలం చివర్లో రాజక్క అనే బెస్తామె తన భర్త పోశాన్ని తీసుకొచ్చింది. ముప్పై దాటిన మనిషి. రెండు చేతులూ బట్టల్లా వేలాడుతున్నాయి. మణికట్లు కిందికి వాలిపోయి ఉన్నాయి. దీన్ని రిస్ట్ డ్రాప్ అంటారు. మెడ నుంచి చంక మీదుగా చేతిలోకి దిగే నరాల గుత్తి, అంటే బ్రాకియల్ ప్లెక్సస్, దెబ్బతింటే ఇలా అవుతుంది. తాటిచెట్టు మీంచి జారిపడ్డవాళ్లలో చూశాను గానీ, అదీ ఒక చేతికే. రెండింటికీ ఒకేలా ఎట్లా అయిందని అడిగితే పోశం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రాజక్కే చెప్పింది. అతని పడవలో అన్నలు, అంటే నక్సలైట్లు, ఏరు దాటారని పోలీసులకు అనుమానం. అడవి లోపలి ఒక క్యాంపుకు తీసుకుపోయి, ఎవరెవర్ని దాటించావో, ఊళ్లో వాళ్లకు అన్నం పెట్టేదెవరో పేర్లు చెప్పమన్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టి, ఆ తాడు గుంజి దూలానికి వేలాడదీశారు.

మా డాక్టరుగారు పరీక్ష చేసి, నరాలు తెగలేదు, సాగాయి, ఓపిక పడితే తిరిగి వస్తాయని ధైర్యం చెప్పారు. మణికట్టు నిలబడేలా స్ప్లింట్లు, అంటే ఆసరా పట్టీలు, కట్టాను. వానలు పడేసరికి వేళ్లు కదిలాయి. మణికట్టు లేచింది. ఒకరోజు తనంతట తానే గ్లాసు పట్టుకుని నీళ్లు తాగితే రాజక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకైతే ఆ రోజు కాలు నేల మీద నిలవలేదు.

ఇక భుజాల పని మిగిలింది. పుల్లీ దగ్గరకు రమ్మన్నాను. అన్నాళ్లూ అతను కిటికీ వైపే ఎందుకు కూర్చునేవాడో అప్పుడు అర్థమైంది. దూలానికి వేలాడే తాడును చూసి గోడకు ఒరిగిపోయాడు. చొక్కా చెమటతో తడిసింది. తెరుచుకున్న వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి.

"సిస్టరమ్మా, జర గా తాడు దించు" అన్నాడు.

బల్ల ఎక్కి దించేశాను. పుల్లీ అల్మారాలోకి పోయింది. వల అల్లుకో, అదే నీకు వ్యాయామం అని చెప్పాను. అప్పటినుంచి నా గదిలో చేపల వాసన. వేళ్లు వంకరపోయిన మిగతా రోగులు కూడా అతని పక్కన చేరి ముడులు వెయ్యడం నేర్చుకున్నారు. బలం బాగా వచ్చింది. కానీ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. కండ పరీక్ష చేస్తే కండ బాగానే ఉంది, నరం బాగానే ఉంది. అక్కడికి వచ్చేసరికి మాత్రం ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోయేది. నాకు తిక్క రేగేది గానీ, అతని ముఖం చూసి నోరు కట్టుకునేదాన్ని.

అసలు సంగతి మళ్లీ రాజక్కే చెప్పింది. పోశాన్ని వదిలిపెట్టాక వాళ్ల ఊళ్లో ఇంకొందరిని పట్టుకుపోయారు. అందులో మల్లయ్య అనే బెస్తాయన తమ్ముడు ఒకడు. కుంటుతూ తిరిగొచ్చాడు. పేర్లు చెప్పింది పోశమేనని ఊరంతా అనుకుంటోంది. ఎవరూ పలకరించడం లేదు. వరద తీసిన తర్వాత బెస్తవాళ్లు అందరూ కలిసి తొలివల వేస్తారు. వేసేముందు కులపెద్ద అడుగుతాడు, ఎవరి మీదనైనా ఎవరికైనా మాట, అంటే ఫిర్యాదు, ఉందా అని. ఎవరి మీద మాట పడితే వాడు ఆ ఏడు ఏట్లో వల దించకూడదు. అతని వాటా మడుగు వేరేవాళ్లకు పోతుంది. పోశం చేతిని పట్టి ఆపుతున్నది నరం కాదు, ఆ రోజు భయమని నాకు అప్పుడు తెలిసింది.

తొలివల వారంలోకి వచ్చింది. అప్పుడే రిటైరై సిరొంచలో ఇల్లు కట్టుకున్న ఒక హవల్దారు నా గదికి వచ్చాడు. విచిత్రమైన జబ్బు. కుడిచేత్తో అన్నం తింటాడు, సంతకం చేస్తాడు, గడ్డం గీసుకుంటాడు. బావి దగ్గర చేదతాడు పట్టుకుంటే మాత్రం వేళ్లు మూసుకోవు. బొక్కెన కాస్తా బావిలో పడుతుంది. ఎన్ని పరీక్షలు చేసినా లోపం కనిపించలేదు. ఇంటిపని తప్పించుకోవడానికి మంచి ఉపాయమే దొరికింది హవల్దార్ సాబ్ అని ఆటపట్టించాను. అతను నవ్వలేదు.

అంతలో పోశం వల భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వల జారి కింద పడింది.

"తాడు గుంజింది గీయనే" అన్నాడు పోశం నాతో.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరి మధ్యకు వెళ్లి నిలబడ్డాను. ఆ చేతికి నేను వైద్యం చెయ్యను, బయటికి నడవమని అనబోయాను. హవల్దారు తల దించుకుని, అవును నేనే, పైవాళ్లు గుంజమంటే గుంజాను, తాడు ముట్టుకుంటే ఆ అరుపే వినిపిస్తుంది అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గీయన ఒక్క పేరు గూడ చెప్పలే సిస్టర్. గా పేర్లు మాకు వేరే దిక్కుకెళ్లి వచ్చినయ్. నన్ను మాఫ్ జెయ్యమని చెప్పు."

పోశం కింద పడిన వల తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"నేను చెప్పలేదని నాకు ఎర్కలేదా? నాకు చెప్పుడెందుకు? చెప్తే తొలివల నాడు ఒడ్డు మీద చెప్పు, మా కులపోళ్ల ముంగట."

హవల్దారు వెళ్లిపోయాడు. వస్తాడని నేను అనుకోలేదు. పింఛను మీద బతికేవాడు, పాత దోస్తులంతా ఖాకీవాళ్లే. ఆ నోరు విప్పితే అతనికి ఏమవుతుందో అందరికీ తెలుసు.

తొలివల పొద్దున రాజక్క నన్ను రమ్మంది. మగవాళ్లు వలలతో వరసగా నిలబడ్డారు. పోశం చివర్న, ఒక్కడే, ఎడంగా. కులపెద్ద అడిగాడు. మల్లయ్య ముందుకు వచ్చి, పోశం మీద నాకు మాట ఉందన్నాడు. ఎవరూ కాదనలేదు, పోశం తన వలను ఇసకలో దించాడు. రాజక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలింది.

అప్పుడు మా వెనకనుంచి హవల్దారు దిగి వచ్చాడు. జనం చెదిరిపోబోయారు. అతను చెప్పులు విడిచి, నీళ్లలో చీలమండల దాకా దిగి, అందరికీ వినబడేలా చెప్పాడు. ఈ మనిషిని దూలానికి ఎక్కించింది నేను. తెలివి తప్పేదాకా అడిగాం. ఒక్కరి పేరూ చెప్పలేదు. ఇది అబద్ధమైతే ఈ ఏరే నన్ను చూసుకుంటుంది.

మల్లయ్య నడిచి వచ్చి, ఇసకలో ఉన్న పోశం వలను తీసి అతని భుజాన వేశాడు.

"నువ్వే ఎయ్యి మొదలు" అన్నాడు.

పోశం వల అంచు పళ్ల మధ్య పట్టుకున్నాడు. కొంత మోచేతి మీద పరిచాడు. నడుము తిప్పి విసిరాడు. చెయ్యి భుజం దాటింది, చెవి దాటింది, తలపైకి లేచింది. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. ఒడ్డంతా ఈలలు, కేకలు. అందరికంటే పెద్దగా అరిచింది నేనేనని రాజక్క ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

హవల్దారును పోశం మన్నించాడా అని చాలామంది అడిగారు. లేదు. ఆ తర్వాత అతనితో ఎన్నడూ మాట్లాడలేదు, మన్నించమని అడిగే హక్కు మనకెవరికీ లేదు. హవల్దారు చేతికి మాత్రం నేను వైద్యం చేశాను. సగమే నయమైంది. నిండు బొక్కెన ఎడమచేత్తోనే తోడేవాడు. భుజం లేవని మనిషి వస్తే కండా నరమూ పట్టి చూసే ముందు, నీ మీద ఊళ్లో ఏమనుకుంటున్నారని అడగడం ఆ ఏడే నాకు అలవాటైంది.

మర్నాడు పోశం ఒక పెద్ద చేపతో వచ్చాడు. కిటికీ దగ్గర కూర్చోలేదు. తిన్నగా అల్మారా తెరిచి, తాడు తీసి, నా బల్ల మీద పెట్టాడు.

"ఇగ కట్టు సిస్టరమ్మా. ఎడమ చెయ్యి ఇంక జానెడు లేవాలె."

కట్టాను. ఆ తాడును తనే పట్టుకుని లాగాడు.