తాలుకాయల కుప్ప పక్కన నస్రత్ టీచర్

నల్లబల్ల మీదే టీవీ బిగించారు. పక్క గోడంతా ఖాళీగా ఉన్నా, డ్రిల్లింగు మిషనుతో నల్లబల్లకే చిల్లులు పొడిచారు. అప్పుడు నస్రత్ టీచర్ చేతిలో సుద్దముక్క ఉంది. ఆవిడ బల్ల మీద రాసిన తారీఖు సగం టీవీ వెనక్కి పోయింది.

కరస్పాండెంటు రిమోటు తెచ్చి, పిల్లలందరూ చూస్తుండగా ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇకనుంచి పాఠం హైదరాబాదు నుంచి వస్తుంది మేడం. మీరు బటన్ నొక్కి, అల్లరి కాకుండా చూసుకోండి చాలు" అన్నాడు. వెనక బెంచీలో ఎవడో "రిమోట్ టీచర్" అన్నాడు. ఆ పేరు ఆవిడకి అతుక్కుపోయింది. చిలకలూరిపేట హైవే పక్కన, పత్తి జిన్నింగు మిల్లుల మధ్య ఉన్న ఆ ప్రైవేటు స్కూల్లో ఆవిడ ఇరవయ్యేళ్ళుగా ఇంగ్లీషు గ్రామరు చెబుతోంది.

ఆ బెంచీల్లో నేనెప్పుడూ కూర్చోలేదు. ఇంటరు మధ్యలో మానేసి మిరపకాయల గోతాలు మోసేవాణ్ణి. నా చదువంతా పాత పేపర్ల కొట్లో తూకానికి కొన్న పుస్తకాల్లోంచి వచ్చిందే. ఇదంతా మా వీధిలో ఉండే తేజశ్రీ చెప్పింది. అప్పుడు ఆ పిల్ల అదే స్కూల్లో టెంత్.

టీచర్‌కి పెళ్ళి కాలేదు. పరుపులు కుట్టే తండ్రి పోయాక, మసీదు వెనక ఆ ఒక్క గదిలోనే ఉండిపోయింది. వినుకొండలో తమ్ముడున్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు. రోజులో ఆవిడ నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడేది బడిలోనే. ఇప్పుడు ఆ మాటలూ టీవీయే మాట్లాడసాగింది.

ఒకరోజు టీవీలో అమ్మాయి ఏ క్రియ తర్వాత 'ఇంగ్' రావాలో, ఏ క్రియ తర్వాత 'టు' రావాలో పట్టిక చూపించి, అది కళ్ళకి ఆనేలోపే తీసేసింది. తేజశ్రీ లేచి అర్థం కాలేదంది. టీవీకి వినబడదు కదా. టీచర్ దాని నోరు నొక్కి, సుద్దముక్క తీసి, రాయడానికి బల్ల లేక, కొత్తగా నీలం రంగు వేసిన గోడ మీద రాసింది.

"'చదవడం మానేశాను' అంటావు. 'చదవాలనుకుంటున్నాను' అంటావు. 'చదవాలని మానేశాను' అని ఎప్పుడైనా అన్నావా? ఏ మాటకి ఏది అతుకుతుందో నీ నాలిక్కి తెలుసు. ఇంగ్లీషులోనూ అంతే. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ అన్నావా, వెనకాల రీడింగ్ రావాలి. వాంట్, హోప్, డిసైడ్ అన్నావా, టు రీడ్. నాలిక్కి అలవాటయ్యేదాకా అంటూనే ఉండాలి."

గోడ పాడుచేసిందని దసరా సెలవులకి ముందే ఆవిణ్ణి మానిపించారు.

ఇంటి దగ్గర ట్యూషను పెట్టింది. కొంతమంది ఆడపిల్లలు వచ్చేవాళ్ళు. మిరప కోతలు మొదలయ్యాక వాళ్ళూ బడి ఎగ్గొట్టి కళ్ళాలకి పోయారు. తేజశ్రీ కూడా. చాప పరుచుకుని కొన్నాళ్ళు చూసింది టీచర్. తర్వాత ఒక మధ్యాహ్నం తనే, నేను గోతాలెత్తే మిరప రైతు చెంచయ్య కళ్ళానికి వచ్చేసింది.

ఆరిన కాయల్ని ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఏరుతున్నారు. మంచి ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబడ్డ తాలుకాయ ఇంకో కుప్ప. ఘాటుకి అందరూ మూతులకి గుడ్డలు కట్టుకున్నారు. ఎండలో నిలబడ్డ ఆవిణ్ణి చూసి ముఠా మేస్త్రి రాఘవమ్మ గుడ్డ కిందికి లాగింది.

"ఏం టీచరమ్మా, మాకు కూడా చెప్తావా ఏంది? మా ఆయన్ని ఇంగ్లీషులో తిట్టాలి."

"చెప్తాను. ముందు కాస్త జరుగు, కూర్చోనీ."

అలా మొదలైంది. ఎర్రకాయ చేతికొస్తే 'ఇంగ్' మాట అనాలి, తాలుకాయ వస్తే 'టు' మాట అనాలి. అని, కుప్పలో వెయ్యాలి. "ఎంజాయ్ ఈటింగ్!" అని ఒకతి విసిరితే, "నువ్వు తినడం తప్ప ఇంకేం చేస్తావే" అని ఇంకొకతి. రాఘవమ్మకి తాలుకాయ వచ్చినప్పుడల్లా ఒకటే మాట, "వాంట్ టు స్లీప్!"

"ఎప్పుడూ నిద్రేనా పిన్నీ?"

"నీ వయసులో ఇంకేవన్నా ఉంటయ్. నాకిదే ఉంది పోవే."

టీచర్ నవ్వడం నేను అక్కడే చూశాను. కూలి లేకపోయినా ఆవిడ కూడా ఏరేది. అలవాటు లేని వేళ్ళు మండి, సాయంత్రం వెళ్ళేటప్పుడు చేతులు దూరంగా చాపుకుని నడిచేది. అయినా మర్నాడు అందరికన్నా ముందు వచ్చేది. ఆ కళ్ళం ఉన్నన్నాళ్ళూ ఆవిడకి ఒక తరగతి ఉంది.

ఒకరోజు తేజశ్రీ ఒక కాయ పైకెత్తి చూపించింది. "టీచర్, ఇది సగం ఎరుపు, సగం తెలుపు. ఇప్పుడేం అనాలి?"

టీచర్ ఆ కాయని చేతిలోకి తీసుకుంది. "లైక్, స్టార్ట్ ఉన్నాయి కదా. వాటికి రెండూ వస్తాయి. లైక్ రీడింగ్ అను, లైక్ టు రీడ్ అను. ఎటైనా పరవాలేదు."

అది మాటల సంగతి. సగం తెల్లబడ్డ కాయ తాలులోకే పోవాలని అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. కానీ ఆటలో పడ్డ చేతులు. లైక్ అని ఇటోటి, స్టార్ట్ అని అటోటి విసిరాయి.

చెంచయ్య సరుకు గుంటూరు మిర్చి యార్డుకి పోయింది. గోతాలు దించింది నేనే. వ్యాపారి ఒకదాంట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, నలుగురి మధ్యా నేల మీద పరిచాడు. మధ్యమధ్య సగం తెల్లబడ్డ కాయలు. "చెంచయ్య సరుకులో తాలా?" అని పక్కవాళ్ళు వంగి చూశారు. ఆయన సరుకంటే చెయ్యి పెట్టకుండా కొంటారని పేరు. ఆ రోజుతో ఆ పేరు పోయింది.

తిరిగొచ్చి కళ్ళం మధ్యలో నిలబడ్డాడు. "ఎర్రకుప్పలో సగం తెల్లబడ్డ కాయలు వేసిందెవరే?"

రాఘవమ్మ తల దించుకుంది. తేజశ్రీ భయపడిపోయి, "ఎటైనా పరవాలేదని టీచరే అన్నారు" అనేసింది.

"నేను మాటల గురించి అన్నానండీ" అంది టీచర్.

"మాటలకేం పోయింది తల్లీ! పోయింది నా పేరు. రేపట్నుంచి నువ్వూ వద్దు, నీ పాఠాలూ వద్దు."

ఆవిడ లేచి చీర దులుపుకుంది. మర్చిపోయిన నీళ్ళ సీసా కోసం వెనక్కి వచ్చింది. ఒక్కరూ తల ఎత్తలేదు.

తేజశ్రీ టెంత్ పాసై గుంటూరు హాస్టల్‌కి పోయింది. వెళ్ళేముందు టీచర్‌కి చెప్పలేదు, నేను చెబితే తెలిసింది. "హాస్టల్ అన్నం బావుంటుందా?" అని మాత్రం అడిగింది. నేను కొన్ని సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. తలుపు తీసే ఉండేది, చాప పరిచే ఉండేది. వీధిలో అడుగుల చప్పుడైతే ఆవిడ మాట మధ్యలో ఆపి వినేది. అవి దాటిపోయాక, ఎక్కడ ఆపిందో నన్నడిగి మళ్ళీ మొదలుపెట్టేది. తర్వాత నేను జిన్నింగు మిల్లులో చేరాను, సాయంత్రం షిఫ్టు పడింది.

మొన్న ఫిబ్రవరిలో మిల్లు మానేసి మళ్ళీ గోతాల పనికి చేరాను. లారీతో చెంచయ్య కళ్ళానికి వెళ్తే, ఏరేవాళ్ళ వరసలో చివర, తాలుకుప్ప పక్కన ఒకావిడ మూతికి గుడ్డ కట్టుకుని వంగి ఏరుతోంది. కళ్ళు చూసి గుర్తుపట్టాను. రాఘవమ్మ చెంచయ్య కాళ్ళావేళ్ళా పడి కూలికి పెట్టించిందట. ఆయన ఒక షరతు పెట్టాడట.

రాఘవమ్మ చేతికి తాలుకాయ వచ్చింది. చుట్టూ చూసి, మెల్లగా, "వాంట్ టు స్లీప్" అంది. టీచర్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తల ఎత్తలేదు. మళ్ళీ ఏరసాగింది.

నేను పక్కన గొంతుకూర్చుని, "మీరెందుకొచ్చారు టీచర్ ఇక్కడికి?" అన్నాను. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు.

ఆవిడ చెంచయ్య ఎటున్నాడో చూసుకుని, గుడ్డ కొంచెం కిందికి జరిపింది.

"కూర్చోనిచ్చారు కదా బాబూ. మాట్లాడొద్దన్నారు, అంతే."