బాగున్న రేడియోకి పెట్టిన వంక

బాపట్లలో ఉండే మా వదిన, అంటే మా ఆయనకి అక్కగారు, ఓ పొద్దున్నే ఫోన్ చేసి, "మరదలా, నా రేడియో పోయింది" అంది. ఆ గొంతు విని ఎవరో మనిషే పోయారనుకుని కుర్చీలో కూలబడ్డాను. రేడియో అని అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

వదినకి కళ్లలో నీటికాసులు, గ్లకోమా అంటారే, అది. వెలుగూ నీడా తెలుస్తాయి, ఎదుట మనిషి నిలబడితే తెలుస్తుంది, గడియారంలో ముళ్లు మాత్రం కనిపించవు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకి వెళ్లిపోతారు. పగలంతా ఆవిడకి రేడియోనే గడియారం. పొద్దుటి వార్తలకి ఒక మందు, మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమం మొదలవగానే ఇంకొకటి, సాయంత్రం వార్తలకి మళ్లీ మొదటిది. చుక్కల మందు వేళ తప్పితే ఉన్న కాస్త చూపూ నిలవదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"ఫోన్ ఉందిగా వదినా, అది చెప్పదూ టైము?" అన్నాను.

"ఆ అద్దం మీద ఏది ఎక్కడుందో నా వేలికేం తెలుస్తుందే? మొన్న టైము కోసం నొక్కబోతే మా తమ్ముడికి మూడుసార్లు ఫోనెళ్లింది. వాడు ఆఫీసులో హడలిపోయాడు."

"మీవాడు మాట్లాడే డబ్బా ఏదో కొన్నాడన్నారు?"

"నేనొకటి అడిగితే అదొకటి పాడుతుంది. నెట్టు లేకపోతే అలిగి కూర్చుంటుంది. దాన్ని బతిమాలుకునే ఓపిక నాకు లేదు."

తర్వాత తనకి ఏం కావాలో చెప్పింది. గుప్పిట్లో ఇమడాలి, వంటింట్లోకీ పెరట్లోకీ తనతో పాటు రావాలి. నొక్కే బొత్తాలు వద్దు, తిప్పే చక్రాలుండాలి, ఆన్ చేసినప్పుడు టక్కుమని వేలికి తెలియాలి. మామూలు పెన్సిల్ సెల్స్ పట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం మీడియం వేవ్ రావాలి, వాళ్ల వీధిలో ఎఫ్ఎం సరిగ్గా అందదు. చివర్లో ఒక మాట అంది: "నువ్వైతే బేరమాడి తెస్తావని నీకు చెబుతున్నా."

ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే ఈ కథ రేడియో కనబడిన రోజునే అయిపోయేది.

నేను తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టులో పుట్టి పెరిగాను. పుట్టి అంటే మరీ గిన్నెల మధ్య కాదు, కొట్టు వెనక ఇంట్లో. బడి నుంచి వచ్చి నాన్న పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. బేరం తెగక ఎవరైనా లేచి వెళ్లిపోతుంటే నాన్న వాళ్ల మొహం చూసేవాడు కాదు, మెట్టు మీద విడిచిన చెప్పుల కోసం వెతుక్కునే కాళ్లని చూసేవాడు. కాళ్లు నెమ్మదిగా తడుముకుంటుంటే ఆ మనిషికి సరుకు కావాలన్నమాట, వాళ్లే వెనక్కి వస్తారు. చెప్పులు టకటకా తొడిగేస్తే నిజంగానే పోతున్నట్టు. అప్పుడు మాత్రం "అమ్మా, ఒక్క మాట" అని పిలిచేవాడు. ఆ చదువు నేను ఒంటబట్టించుకున్నాను. కొనే వైపు నుంచి. నాకు ఎంత కావలసిన వస్తువైనా సరే, ముందు నాలుగు వంకలు పెడతాను, తర్వాత చెప్పులు టకటకా తొడుగుతాను. రేపల్లెలో కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇక్కడి చీరల కొట్లవాళ్లు నన్ను చూస్తే ఫ్యాను వేగం పెంచుతారు.

అలాంటి దాన్ని, ఓ చిన్న రేడియో కొనలేకపోయాను.

రేపల్లెలో అడిగితే, "రేడియోనా మేడమ్, ఇంకా వింటున్నారా?" అని నవ్వారు. బాపట్లలో ఒక కొట్టులో చూపించినవి రేడియోలు కావు, జాతరలు. నొక్కితే ఎర్రదీపాలు, నీలందీపాలు, పక్కన టార్చి, వెనక పాటల చిప్పుకి కన్నం. మీడియం వేవ్ మాత్రం లేదు. "అన్నీ ఉన్నాయి కదండీ ఇందులో" అంటాడు. అన్నీ ఉన్నాయి, అడిగింది తప్ప. తెనాలిలో పెద్ద షోరూముకి వెళితే అక్కడి అమ్మాయి ఒకటి తీసింది, మీడియం వేవ్ వస్తుంది కానీ స్టేషను మార్చాలంటే అంకెలు చూస్తూ బొత్తాలు నొక్కాలి. ఆన్‌లైన్లో తెప్పించిన దానికి చక్రాలున్నాయి, చార్జింగు తనలోనే ఉంది. రెండో రోజుకే నీరసపడిపోయింది. తిరిగి పంపించడానికి ఆ డబ్బా, ఆ టేపు, ఆ కుర్రవాడి కోసం ఎదురుచూపు, అదో వారం.

ఈలోగా వదినకి రేడియో నేనే అయ్యాను. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి, "వదినా, మందు" అనాలి. ఒకరోజు మార్కెట్లో ఉండి మర్చిపోయాను. తనకి తోచినప్పుడు ఒకసారీ, ఆలస్యంగా నేను గుర్తు చేసినప్పుడు ఇంకోసారీ వేసుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి, కొడుకు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. "అత్తయ్యా, కొంటారా, నన్ను చూడమంటారా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నాకే ఎక్కడో కాలింది.

సరిగ్గా అప్పుడు దొరికింది. తెనాలి బజారు వెనక సందులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఒక ముసలాయన కొట్టు ఉంది. మిక్సీ జార్ల మధ్య, నల్లటి చిన్న రేడియో. రెండు చక్రాలు. తిప్పితే టక్. పెన్సిల్ సెల్స్ రెండు. మీడియం వేవ్. వదిన చెప్పినవన్నీ ఉన్నాయి. మొహం మాత్రం మజ్జిగ విరిగినట్టు పెట్టాను.

అది బోణీ వేళ. కావాలనే ఆ వేళకి వెళ్లాను. మొదటి బేరాన్ని ఎవరూ వదులుకోరు.

"ఎంతండీ?"

"తొమ్మిది వందలమ్మా. పాతదే గానీ లోపల అంతా నా చేత్తో కొత్తగా చేశాను."

ఆన్ చేశాను. నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతోంది, ఆ లైటు కింద మీడియం వేవ్ ఏ రేడియోలో పెట్టినా గరగరమంటుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

"వినండి ఆ గరగర! ఇది రేడియోనా, వేరుశనగ్గుళ్లు వేయించే మూకుడా? ఐదు వందలిస్తాను. అదీ బోణీ అని."

ఆయన రేడియో అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను లేచాను. చెప్పులు టకటకా తొడిగాను, మా నాన్న చూస్తే మెచ్చుకునేంత బాగా. సందులో మూడు కొట్లు దాటాను. గాజుల బండి దగ్గర ఆగి అక్కర్లేని గాజులు చూశాను. పిలుపు రాలేదు. సందు చివరికి వెళ్లి పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి కూడా అడిగి వేయించుకున్నాను, ఆయనకి ఇంకాస్త టైము ఇద్దామని. పిలుపు రాలేదు. పిలవాలంటే ఆయనకి నేనెక్కడున్నానో తెలియాలన్న ఆలోచన పెసరట్టు అయిపోయాక వచ్చింది.

సిగ్గు చంపుకుని వెనక్కి వెళ్లాను. బల్ల మీద రేడియో పొట్ట చీల్చిన చేపలా పడి ఉంది. తీగలు ఒకవైపు, చక్రాలు ఒకవైపు, మరలు సీసా మూతలో.

"ఏంటండీ ఇది!"

"మీరు గరగరమంటోందన్నారు కదమ్మా. నాకు ఈ మధ్య చెవులు మందం. మీరు చెప్పేదాకా నాకు తెలియనేలేదు. తప్పున్న సరుకు ఎలా అమ్మను? విప్పి చూస్తున్నా."

అప్పుడే చెప్పి ఉండాల్సింది, అదంతా ట్యూబులైటు వల్లనేనండి అని. నోటి దాకా వచ్చింది. కానీ అలా అంటే, తెలిసీ ఎందుకు వంక పెట్టావమ్మా అని అడుగుతాడు. బేరం కోసమని ఎలా చెప్పను? "సరే, చూడండి" అన్నాను, నేనేదో సాయం చేస్తున్నట్టు.

వదినకి ఫోన్లో, "దొరికింది వదినా, చిన్న రిపేరు" అని చెప్పాను. అబద్ధం కాదు. ఇప్పుడు నిజంగానే రిపేరులో ఉంది.

వారం తర్వాత వెళితే ఒక భాగం మార్చానన్నాడు. ఇంకో నాలుగు రోజులకి వెళితే స్పీకరు మార్చానన్నాడు. "అయినా తప్పు దొరకట్లేదమ్మా" అంటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇక ఆగలేక పర్సు తీసి తొమ్మిది వందలూ బల్ల మీద పెట్టాను. నా జన్మలో అడిగినంతా అడిగినట్టు ఇవ్వడం అదే మొదలు.

ఆయన నోట్లు నా వైపు తోశాడు. "తప్పున్న దానికి నిండు ధర ఎవరిస్తారమ్మా? ముసలాడు కష్టపడుతున్నాడని జాలిపడి ఇస్తున్నారు. నాకొద్దు."

"లేదండీ, బాగానే ఉంది, ఇవ్వండి."

"బాగుంటే మీరు ఆ రోజు అంత మాట ఎందుకంటారు?"

నేను నోట్లు తీసుకుని వచ్చేశాను. రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. కొనడానికి డబ్బుంది, అమ్మడానికి ఆయన దగ్గర వస్తువుంది, వినడానికి అవతల మనిషి ఎదురుచూస్తోంది. మధ్యలో నా నోరు అడ్డం.

అదే సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "నీ వల్ల కావట్లేదు గానీ, ఆ కొట్టుకి నన్ను తీసుకెళ్లు."

మర్నాడు బాపట్ల వెళ్లి ఆవిడని రైల్లో తెనాలి తీసుకొచ్చాను. దారిలో చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ, "జీడిపప్పు అమ్మేవాడు వచ్చాడా?" లాంటిదేదో అడిగి ఊరుకున్నాను.

కొట్టులో కూర్చోగానే వదిన రేడియో అడిగి తీసుకుంది. బొటనవేలితో చక్రం తిప్పింది, టక్. గరగర. మొహం పైకెత్తి వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకుంది.

"బాబూ, ఆ లైటు ఒక్కసారి ఆర్పుతావా?"

ఆయన ఆర్పాడు. వదిన రేడియోని అరచేతిలో కొద్దిగా పక్కకి తిప్పింది. గరగర పోయింది. ఎవరో ఆవిడ గోంగూర నిల్వ పచ్చడి ఎలా పెట్టాలో చెబుతోంది, గుంటూరు వాళ్ల పద్ధతిలో, స్పష్టంగా. ఆయన వంగి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మళ్లీ లైటు వేశాడు, మళ్లీ ఆర్పాడు. నా వైపు తిరిగాడు.

"ఈ లైటు సంగతి మీకు తెలియదా అమ్మా?"

"దానికి తెలియకపోవడమేంటి?" అంది వదిన. "మా ఇంట్లో రేడియో పెట్టినప్పుడల్లా లేచి లైటు ఆర్పేది అదేగా. చెప్పు మరదలా."

"తెలుసండి" అన్నాను.

"మరి?"

"బేరం కోసం అన్నానండి."

ఆయన కోప్పడితే బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలాడు. "రెండు వారాలమ్మా. వచ్చిన మిక్సీలు పక్కన పెట్టేసి దీని ముందే కూర్చున్నాను. ఇంత గరగర నాకు వినబడలేదంటే చెవులు పూర్తిగా పోయాయనుకున్నా. ఇంట్లో కూడా చెప్పేశాను, ఈ నెలాఖరుకి కొట్టు తీసేస్తానని."

నేను చీర కొంగు చివర చూసుకుంటూ కూర్చున్నాను. బేరంలో అవతలి వాడు నా మాట నమ్మడన్న నమ్మకం మీదే బతికాను ఇన్నేళ్లూ. నమ్మినవాడు ఎదురైతే ఏం చేయాలో మా నాన్న నేర్పలేదు.

"క్షమించండి" అన్నాను. ఆయన రేడియో అందుకుని గుడ్డతో తుడిచి వదిన చేతికి ఇచ్చాడు.

"ఎంత నాయనా?" అంది వదిన.

"తొమ్మిది వందలండి."

స్పీకరు, ఆ మార్చిన భాగం, వాటి ఖర్చు అడగలేదు. అడగండి అన్నాను. "వాటిని నేనే మార్చుకున్నాను" అన్నాడు, మొహం చూడకుండా. వదిన నోట్లు తడిమి ఇచ్చింది. సెల్స్ వేరే కొనాలన్నాడు. మామూలుగా అయితే సెల్స్ ఊరికే వేయమని ఇంకో పావుగంట లాగేదాన్ని. అలవాటు కొద్దీ నోరు తెరిచాను కూడా. వదిన నా మోచేతి మీద గిల్లింది. అంత చూపులేని మనిషికి అంత గురి ఎలా కుదిరిందో!

తెనాలి ప్లాట్‌ఫామ్ మీద ఆత్రం ఆగక ఆన్ చేశాను. హోరుమంది. స్టేషను లేదు, మనిషి గొంతు లేదు, ఒట్టి హోరు. ఆయన విప్పి బిగించేటప్పుడు ఏదో పోయిందనుకున్నాను. ఇంకా లోపల, ఆయన కావాలనే చేశాడేమో అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది.

"వదినా, వెనక్కి వెళ్దామా?"

"పైన కరెంటు తీగలున్నాయే. రైలు స్టేషన్లో ఏ రేడియో పలుకుతుంది? ఇంటికి పోదాం పద."

బాపట్ల చేరేదాకా రేడియోని ఒళ్లోంచి దించలేదు. వాళ్లింట్లో అడుగు పెట్టగానే ముందుగదిలో లైటు ఆర్పేశాను. వదిన కిటికీ గట్టు మీద రేడియో పెట్టి, చక్రం తిప్పి, అటూ ఇటూ కదిపి, ఒక చోట వేలు ఆపింది. వార్తలు చదివే మనిషి గొంతు గదిలోకి వచ్చింది.

"సాయంత్రం వార్తలు" అంది. మంచం మీద కూర్చుని తల వెనక్కి వాల్చింది. "ఆ సీసా ఇలా తే. నీ చేత్తో వెయ్యి."

ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేశాను. ఆవిడ కళ్లు మూసుకునే చెయ్యి చాపి రేడియో కొంచెం పెంచింది. చక్రం కోసం తడుముకోలేదు.