తువ్వాల కింద బేరం

మా నాయన ఎద్దుల దళారి. చిత్తూరు చుట్టుపక్కల ఏ సంతలోనైనా కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ నిలబడి, తువ్వాల కింద చేతులు కలిపి బేరం కుదిర్చేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు, వేళ్ళు పట్టుకుని చెబుతారు. పక్కనున్నవాడికి తువ్వాల తప్ప ఏమీ కనబడదు. చిన్నప్పుడు నాకూ నేర్పమని వెంటపడితే, "ఆడపిల్లవు, నీకెందుకు పాపా ఈ సంత యవ్వారం" అని నవ్వేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి మనిషి పంతొమ్మిదివందల ఎనభైల్లో ఒక ఏడు, నాలుగడుగులేస్తే ఆయాసపడడం మొదలుపెట్టాడు. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. గుండెను తెర మీద చూపించే యంత్రం తిరుపతిలో ఒక డాక్టరు దగ్గరికి కొత్తగా వచ్చిందని విని, అమ్మా నేనూ ఆయనను రైల్లో తీసుకుపోయాం. అప్పటికి నేను బడిలో టీచరును.

రొమ్ము మీద చల్లటి జిగురు పూసి డాక్టరు చేతిలో ఇమిడే పరికరం ఒకటి ఆనించాడు. తెర మీద బూడిద రంగులో ఏదో మెదిలింది. నాయన తల తిప్పి దాన్నే చూశాడు.

"ఏం సామీ, ఇంకా కాడి మోస్తాదా ఇది?" అన్నాడు.

ఎద్దును బేరమాడేటప్పుడు అడిగే మాట అది. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు నాకు నవ్వు రాలేదు.

డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. గుండె బాగా సాగిపోయిందన్నాడు. ఒకవైపు గోడ దాదాపు కదలడం లేదు, రక్తాన్ని నెట్టే బలం లేదు. మందులతో ఆయాసం తగ్గుతుంది గానీ, ఇలా కనబడిన గుండె ఏడాది దాటడం కష్టమన్నాడు. పెద్దాయనకు చెప్పొద్దు, దిగులుతో ఇంకా కుంగిపోతాడన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు. బయటికొచ్చి అమ్మతో ఆ ఉప్పు మాట ఒక్కటే చెప్పాను.

తిరుగు రైల్లో కిటికీ దగ్గర నాయన, పక్కన నేను, ఎదురుగా అమ్మ. పాకాల దాటాక నాయన భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పుకున్నాడు.

"చెయ్యి ఇట్లియ్యి పాపా," అన్నాడు నా చెవి దగ్గరకొచ్చి. "ఎన్నేండ్లన్నాడు? నోటితో వద్దు, మీయమ్మ ఉండాది."

ఇన్నేళ్ళూ నన్ను రానివ్వని చోటికి ఆయనే రమ్మన్నాడు. ఇప్పుడు నాకు రావాలని లేదు. చెయ్యి పెట్టి, వేలికొక ఏడు లెక్కన ఆయన ఐదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాను.

నాయన మెల్లగా నవ్వాడు. "ఇట్లా దొంగబేరం సెప్తే సంతలో నిలవనీరు," అన్నాడు.

నా పట్టు విడిపించి, నాలుగు వేళ్ళు ముడిచి, ఒక్క చూపుడువేలు నా అరచేతిలో పెట్టాడు. ఒప్పుకోకపోతే ఆ వేలిని తోసెయ్యాలని, ఒప్పుకుంటే పట్టుకోవాలని చెవిలో చెప్పాడు. తోసెయ్యలేకపోయాను. పట్టుకుని, చిత్తూరు వచ్చేదాకా వదల్లేదు.

"ఏం బేరమో తండ్రీకూతుర్లకు?" అంది అమ్మ.

"కోడెదూడను అమ్మేద్దామంటా ఉండాదిలే," అన్నాడు నాయన. అమ్మ ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు నుంచి అమ్మ ఉప్పుజాడీని అటకెక్కించింది. ఆయనకు చప్పిడి కూర వండి తనూ అదే తినేది. నాయన ఆ కూరను తిట్టినన్ని తిట్లు ఏ మొండి ఎద్దునూ తిట్టలేదు. అమ్మ నవ్వుతూ పడేది. ఏమీ తెలియదు కాబట్టి నవ్వగలుగుతోందని నాకు అమ్మ మీద అసూయగా ఉండేది. ఏడాది నిండకముందే నాయన గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే పోయాడు.

కర్మాంతరం అయ్యాక ఆయన బట్టలు ఇచ్చేస్తూ, అమ్మ తువ్వాల ఒక్కటి పక్కన పెట్టుకుంది. నన్ను కూర్చోబెట్టి, దాన్ని నా చేతి మీద కప్పి, కింద నుంచి తన చెయ్యి పెట్టింది. ఒక్క వేలు నా అరచేతిలో ఉంచింది.

నేను తలెత్తి అమ్మ ముఖంలోకి చూశాను.

"గుడ్డ కింద కనబడకపోతే ఏమి, నీ మొగం కనబడతానే ఉన్నింది గదా," అంది. "నాకు తెలిసిందని తెలిస్తే మీ నాయన తట్టుకోలేడని ఊరుకున్న్యా."

"వేళ్ళ లెక్క నీకెవరు నేర్పారమ్మా?"

"ఇంకెవరు, మీ నాయనే. కొత్త కాపురంలో. అత్తామామల ముందర సెయ్యి పట్టుకునేదానికి ఏదో ఒక సాకు కావల్ల గదా," అని, ఆ తువ్వాలలో ముఖం దాచుకుని బోరుమంది.