తిథి దేనికి?

నా ఉద్యోగం ఏమిటో మా అత్తకి, అంటే నాన్న చెల్లెలికి, అర్థమయ్యేలా చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఏఐ ఏజెంటు అని ఒకటుంటుంది. మన బదులు పనులు చక్కబెడుతుంది. లెక్క అవసరమైనప్పుడల్లా అది ఒక టూల్‌ని పిలుస్తుంది. వైశాల్యానికి ఒకటి, దూరానికి ఒకటి, తేదీలకి ఒకటి. ఏ టూల్ ఏం చేస్తుందో దాని పక్కన రాసిపెట్టిన నాలుగు ముక్కలు చదివే అది తెలుసుకోవాలి. ఆ నాలుగు ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి అయిదుకి మార్కులు వేయడం నా పని. విజయనగరంలో మేడమీద గదిలో కూర్చుని రోజంతా ఇదే చేస్తాను.

"అంటే నువ్వు లెక్కలు చెయ్యవు. లెక్క చేసీదాని గురించి రాసింది సదువుతావు. దానికి జీతం కూడా ఇస్తారేటి?" అంది అత్త అంతా విని.

లెక్కలు చేసింది మా నాన్న. శ్రీముఖలింగంలో మా ఇంటి అరుగు మీద, పక్కన పంచాంగం పెట్టుకుని కూర్చునేవాడు. వంశధార అవతలి ఊళ్ల నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. ఎండలో నడిచొచ్చినవాళ్లు చెప్పులు విప్పుతూనే "ఈవేళ ఏం తిథి బాబూ?" అని అడిగితే, నాన్న పంచాంగం ముట్టుకునేవాడు కాదు. తలెత్తి "దేనికి?" అనేవాడు. అంతే. గృహప్రవేశానికా, నోముకా, తద్దినానికా చెబితేగానీ పుస్తకం తెరిచేవాడు కాదు. నాకు పదిహేనేళ్లప్పుడు ఆ "దేనికి" వింటే ఒళ్లు మండేది. తిథి తిథే కదా, అడిగింది చెప్పి పంపక ఈ ఆరాలెందుకు అనుకునేవాణ్ణి. ఇవన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టు నాన్నా అని కాలేజీ రోజుల్లో ఒకసారి అన్నాను. నేనున్నాను కదా, అడుగు అన్నాడు. నేను అడగలేదు.

ఆయన పోయి మూడేళ్లయింది. మొదటి రెండు తద్దినాలకీ అత్తే వారం ముందు ఫోన్ చేసి ఫలానా రోజని చెప్పింది. ఈ ఏడు ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. నాన్నది బహుళ నవమి. అదెప్పుడొస్తుందో నేనే చూసుకోలేనా అనిపించింది. పైగా అంతకు నెల ముందే ఒక తిథి టూల్ వివరణ నా చేతికొచ్చింది. తేదీ ఇస్తే తిథి చెబుతుంది. ఎంత చక్కగా రాశారంటే, ఊరి పేరు ఎలా ఇవ్వాలో, తప్పు తేదీ ఇస్తే ఏమంటుందో, మూడు ఉదాహరణలతో సహా ఉంది. అయిదుకి అయిదు వేశాను. నేను అయిదు వేయడం చాలా అరుదు.

ఆ టూల్ ఉన్న ఏజెంటునే అడిగాను. బుధవారం అంది. పురోహితుడికి బుధవారమని చెప్పాను. సరే అన్నాడాయన.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పెరుగన్నం కలుపుకుని కూర్చున్నాను. అత్త ఫోన్ చేసింది. భోక్తలు భోజనానికి కూర్చున్నారా అని అడిగింది. రేపు కదా అత్తా అన్నాను.

"ఒరే, తద్దినానికి మజ్జాన్నం తిథి కదరా సూడాలి. పొద్దున్న పదికే నవమి వచ్చీసినాది. రేపు మజ్జాన్నానికి ఉండదు. మీ నాన్న ఎంతమందికి సెప్పేడు ఈ ముక్క."

చేతికి అన్నం అంటుకుని ఉంది. కడుక్కోవాలని కూడా తోచలేదు. టూల్ అబద్ధం చెప్పలేదు. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా లెక్క కట్టింది, పండగలకి చాలావరకు అదే చూస్తారు. కానీ సూర్యోదయం అన్న మాట ఆ వివరణలో ఎక్కడా లేదు. రాసినవాళ్లకి అది చెప్పనక్కర్లేని సంగతి. చదివి మార్కులు వేసినవాడికేమో అడగాలనే తోచలేదు. ఆ వేసినవాడు శ్రీముఖలింగం అరుగు మీద పెరిగినవాడు.

పురోహితుడికి ఫోన్ చేసి, మీరైనా పంచాంగం చూడాల్సింది కదండీ అని కాస్త గట్టిగానే అన్నాను. సిగ్గుతో వచ్చిన కోపం అది. ఆయన నొచ్చుకోలేదు. "మీ నాన్నగారి కొడుకువి నువ్వు. నువ్వు బుధవారం అన్నాక మళ్లీ నేను సూడ్డమేటి బాబూ" అన్నాడు.

నేను అన్నం ముట్టేశాను కాబట్టి ఆ రోజుకి ఇక కుదరదని, తప్పిన తద్దినం వారం తిరక్కుండా వచ్చే అమావాస్యకి పెట్టుకోవచ్చని అత్తే ధైర్యం చెప్పింది. అలాగే పెట్టాను. అత్త కంటికి నల్లద్దాలు పెట్టుకునే బస్సెక్కి వచ్చి, గారెలు తనే వండింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

అందరూ వెళ్లాక మేడమీదికి వెళ్లి, వేసిన మార్కులు మార్చాలని రాసి పంపాను. అయిదు తీసి రెండు వేశాను. కారణం రాయాల్సిన చోట, ఇది సూర్యోదయ తిథి చెబుతుందని, తద్దినానికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం వేళ, ఉన్న తిథి చూడాలని, తిథి దేనికి కావాలో ఏజెంటు ముందు అడిగి తెలుసుకోవాలని వివరణలో చేర్చమన్నాను. దాని కింద ఇంకో గడి ఉంటుంది, సందేహం వస్తే ఎవరిని అడగాలో రాయడానికి. ఎప్పుడూ ఏదో ఒకటి రాసేస్తాను. ఆ రోజు నాన్న పేరు తప్ప ఇంకేదీ తోచక దాన్ని ఖాళీగా వదిలేశాను.

నాన్న పాత పంచాంగం అలమరలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నాకు ఆయన కావాలనిపించింది, ఆ అరుగు, అప్పటి నా విసుగు, అన్నీ కావాలనిపించింది. గదిలో ఎవరూ లేరు కదా అని పైకే అడిగాను, ఈవేళ ఏం తిథి నాన్నా అని. దేనికంటే ఏం చెప్పాలో నాకు తెలుసు, చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. దేనికని ఎవరూ అడగలేదు.