గట్టి గోడ

కర్నూలులో పాత రాతి సత్రానికి కాపలా ఉన్న పెద్దాయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆ గోడలు ఎంత బలమైనవో చూపించడానికి, వచ్చిన ప్రతివాడి ముందూ చేతికర్రతో ఒక దెబ్బ వేసేవాడు. "సూడప్పా, ఎంత గట్టిగుండాదో!" అనేవాడు. కొట్టిన చోటల్లా సున్నపు గచ్చు పెచ్చులూడేది.

ఆ సత్రాన్ని కూల్చకుండా ఆపాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి నేను. "నీకు దండం పెడతాను, కొట్టొద్దు పెద్దాయనా" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

"కొట్టకుంటే గట్టిదని ఎట్ల తెలుస్తాదప్పా?" అనేవాడు.

చివరికి ఇంజినీరు తనిఖీకి వచ్చాడు. పెద్దాయన ఊరుకుంటాడా? ఆ రోజు బలంకొద్దీ కొట్టాడు. చేటంత పెచ్చు ఊడి ఇంజినీరు బూట్ల మీద పడింది. ఆయన 'శిథిలం' అని రాసుకుని వెళ్లిపోయాడు.

కూల్చడానికి వచ్చిన జేసీబీ రోజంతా గుద్దినా లోపలి రాతికట్టు కదల్లేదు. రెండోరోజు దాని బకెట్‌కున్న ఇనప పన్ను ఒకటి విరిగింది. నేను తల పట్టుకుని కూర్చుంటే, పెద్దాయన వెలిగిపోతున్న మొహంతో నా దగ్గరికొచ్చాడు.

"నేను సెప్తే వింటివా? సూడిప్పుడు, ఎంత గట్టిగుండాదో!"