మసి రంగు

షాద్‌నగర్ నుంచి రోజూ రైల్లో హైదరాబాద్ వెళ్లొచ్చే నిరోష వేళ్లకు మరక అంటదు గానీ, ఆమెది మసి పూసే పనే. ఒక ఫ్రెంచి బొమ్మల సినిమాకు కంప్యూటర్లో రంగులు వేస్తుంది. చరిత్ర దారి తప్పి, కరెంటే పుట్టని లోకం అది. బండ్లు, ఓడలు, ఊళ్లకు ఊళ్లే ఆవిరితో నడుస్తాయి. ఆకాశం నుంచి చొక్కా కాలర్ల దాకా బొగ్గు మసి. ఆ మసి నిరోష వంతు. అందుకే రైలు కిటికీ ఊచను కూడా వేలితో రాసి, ఆ నలుపును వెలుతురుకు పట్టి చూసుకుంటుంది.

ఒక ఆదివారం తను రంగులేసిన సినిమా ముక్కను ఫోన్లో బాపుకు చూపించింది. ఆమె తండ్రి కాటమయ్య ఇనుప ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర ఊపిరితిత్తులు పోగొట్టుకుని, ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయే మనిషి. కళ్లు చిట్లించి చూశాడు.

"గింత పొగల ఒక్కడు గూడ దగ్గుతలేడేంది బిడ్డా?"

"దగ్గు నా పని గాదు బాపూ. నాది రంగే."

నవ్వబోయిన కాటమయ్యకు దగ్గు తెర వచ్చింది. తగ్గాక తువ్వాలతో నోరు తుడుచుకుని, నల్లబడ్డ కొసను ఆమె చేతిలో పెట్టాడు.

"మరి గిదేం రంగు?"

నిరోష అలవాటుగా దాన్ని వెలుతురుకు పట్టింది.