తోలేసిన మేక

మొన్న చర్చిలో పాస్టరు మా పాప తలమీద చెయ్యి పెట్టగానే నా ఒళ్లు జలదరించింది.

చిన్నప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ పక్కన మేముండే గోల్‌మురి బస్తీలో మా మేరీ పిన్ని ఓ కథ చెప్పింది. పూర్వం యూదుల యాజకుడు ప్రాయశ్చిత్త దినాన మేక తలమీద చేతులుంచి, జనం పాపాలన్నీ దానిమీద మోపి, ఎడారిలోకి తోలించేవాడట. అది తిరిగి రాకూడదట.

ఆ వారమే నాన్న ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర ఒళ్లు కాలి ఆసుపత్రి పాలయ్యాడు. ప్రార్థనకొచ్చిన ఆడవాళ్లంతా నా తలమీద చేతులుంచి ఏడ్చారు. మర్నాడే అమ్మ నన్ను ఊరవతల పర్సుడీహ్‌లో ఉండే అత్త ఇంటికి పంపేసింది. ఆ మేక నేనేననుకున్నాను.

నాన్నకి కాస్త నయమయ్యాక అమ్మ వస్తే, మంచం కిందకి దూరాను.

"ఏటయ్యిందే? రాయే, ఇంటికెల్దాం."

"నానొత్తే నాన్న సచ్చిపోతాడమ్మా."

అమ్మ నేలమీద కూర్చుని మంచం కిందకి చెయ్యి చాచింది.

అందరి పాపాలూ మోసి చనిపోయినవాడు మూడోనాడు తిరిగి లేచాడన్న కథ అప్పటికి పిన్ని నాకింకా చెప్పలేదు.